కుదురు పట్టీ

గట్టు తెగిన వరదకు మరుసటేడు జరిగింది ఇది. అంతకు ముందు వచ్చిన వరదలు మా కాకరలంక వాకిళ్ళ దాకా వచ్చి బురద వదిలి పోయేవి. గట్టు తెగిన ఏడు మాత్రం గోదావరి లంక చుట్టూ ఉన్న గట్టు తెంచుకుని ఊళ్ళోంచే నడిచింది. మమ్మల్ని పడవల్లో అవతలి ఒడ్డుకు చేర్చి ఒక కల్యాణమండపంలో పెట్టారు.

ఆ మండపంలో నా మనవరాలు హిమజ అన్నం ముట్టలేదు. పిల్లకు అప్పటికి ఏడేళ్ళు. మాట రాదు. చప్పుడు పడదు. ఇంట్లో కుక్కరు కూత వేస్తేనే తల గోడకేసి కొట్టుకునేది. అక్కడ నిండా జనం, పైన రేకులు, రేకుల మీద వాన. నేను దాన్ని ఒళ్ళో వేసుకుని రెండు చెవులూ మూసి కూర్చున్నాను. ఇళ్ళకు తిరిగి వచ్చాక కూడా ఆ వాన దాని ఒంట్లోంచి పోలేదు.

అలాంటి పిల్లలు లంకలో పది మంది దాకా ఉన్నారు. కొందరికి మాట లేదు. కొందరికి చెయ్యి చెప్పినట్టు వినదు. కొందరు ముట్టుకుంటే ఉలిక్కిపడతారు. వరద తరవాత అందరికీ ఎక్కువైంది.

విశాఖపట్నం నుంచి సౌదామినిగారు వచ్చింది అప్పుడే. ఆక్యుపేషనల్ థెరపీలో పరిశోధన చేస్తారట. మందులివ్వరు. పిల్లల చేత బొత్తాం పెట్టించడం, ముద్ద కలిపించడం, పళ్ళు తోమించడం, ఇవే ఆవిడ వైద్యం. మా ఆడవాళ్ళు చేతిపని డాక్టరమ్మ అన్నారు. మొదటిరోజు బడి వరండాలో ఊరి సంఘం కూడితే కుర్చీ వద్దని చాప మీద కూర్చున్నారు.

"ఇక్కడ ఏం చెయ్యాలో మీరు చెప్పండి. మీరు ఒప్పుకోనిది ఏదీ నేను చెయ్యను," అన్నారు.

సంఘం లీడరు కుమారి ఊరుకోలేదు. ఆమె కొడుకు తేజ కూడా అలాంటి పిల్లాడే. "ముందొచ్చినోళ్ళూ అలాగే అన్నారండి. ఫొటోలు తీసుకుని ఎల్లిపోయారు."

"ఫొటో తియ్యను."

"తియ్యండి, పర్లేదు. మా తేజ ఫొటోలో బాగుంటాడు. కదలడు, మాటాడడు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు. అప్పుడే ఆవిడ మా వాళ్ళకి నచ్చారు.

మా సంఘంలో చేతులెత్తడం ఉండదు. ఒప్పుకోనివాళ్ళు లేచి నిలబడాలి. కూర్చున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టు. ఏటి మధ్య ఊరు మాది. వాదించుకుంటూ కూర్చుంటే పడవ వెళ్ళిపోతుంది. ఆ పద్ధతి సౌదామినిగారికి బాగా నచ్చింది. తన పనికీ ఇదే పద్ధతి అన్నారు.

తరవాతి సారి ఆవిడ పట్టీలు తెచ్చారు. ఒకటి పెద్దది, రొమ్ము చుట్టూ కట్టుకునేది. ఒకటి చిన్నది, పిల్ల కోసం. చిన్నదానికి సన్నటి తీగ, తీగ చివర చెవి వెనక అంటించే బిళ్ళ. పెద్ద పట్టీ కట్టుకున్న మనిషి ఊపిరీ, గుండే, నరాల బిగువూ ఆ బిళ్ళ మీదుగా పిల్ల ఒంట్లోకి పోతాయి. పెద్ద ఒళ్ళు నిమ్మళంగా ఉంటే చిన్న ఒళ్ళు దాన్ని విని నిమ్మళిస్తుంది. ఫోను టవరు అందినంత దూరం పనిచేస్తుంది. నా భార్య లోవమ్మ దాన్ని తిప్పి చూసి, "కడవ కింద పెట్టే కుదురులా ఉంది," అంది. ఆ పేరే నిలిచింది.

ఇంటికొకరు, తల్లులు కట్టుకోవాలని సౌదామినిగారి ఆలోచన. కుమారి మొదట కట్టుకుంది. ఆమె మొగుడు బుల్లియ్యది రేవు పడవ. ఆ రోజు అతను ఏటి మధ్య ఉండగా గాలి లేచింది. కుమారి పొయ్యి దగ్గర కూర్చుని వంకాయలు తరుగుతోంది. బళ్ళో తేజ కెవ్వుమని బల్లలు తోసేశాడు.

"నేను నవ్వుతానే ఉన్నానండి," అంది కుమారి.

"పైకి," అన్నారు సౌదామినిగారు.

"అయితే ఇది నాకొద్దు. నా గుండెలో ఉన్నది నాకే చాలు. దాన్ని తీసుకెళ్ళి వాడిలో పొయ్యమంటారా?"

మిగతా తల్లులకూ అంతే అయింది. ఒక్కొక్కరే పట్టీలు తెచ్చి చాప మీద పెట్టారు. నా కూతురు రమణి కూడా పెట్టేసింది. అల్లుడు భీమవరం చెరువుల మీద పని చేస్తాడు. నెలకోసారి వస్తాడో రాడో. దాని గుండె ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ పట్టీ నాకు కట్టింది లోవమ్మ. "నీకు ఎప్పుడేం పట్టింది గనక. నువ్వు కట్టుకో," అంది.

మాది కొబ్బరి పీచు తాళ్ళ పని. లోవమ్మ రాట్నం తిప్పుతుంది. నేను ఒడిలో పీచు కట్టుకుని, వేళ్ళతో కొంచెం కొంచెం వదులుతూ వెనక్కి నడుస్తాను. నడక తొందరైతే తాడు సన్నమవుతుంది. తడబడితే ముడి పడుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచి నేను అలా నడుస్తూనే ఉన్నాను. ఆ రోజు పక్క షెడ్డులో కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసే మిషను మోగుతోంది. హిమజ చెవులు మూసుకుని నేల మీద గిలగిల్లాడుతోంది. నేను నాలుగైదు బారల తాడు నడిచాను. పిల్ల చేతులు దించింది. లేచి కూర్చుంది. రాలిన పీచు తీసి వేళ్ళ మధ్య నలిపింది. రమణి కంచం పెడితే తన చేత్తో తను తింది. మిషను మోగుతూనే ఉంది.

సౌదామినిగారి చేతిలో చిన్న తెర. దాని మీద రెండు గీతలు. ఎగిరెగిరి పడుతున్న పిల్ల గీత వచ్చి నా గీత పక్కన పడుకుంది.

"ఈయనకి గుండె ఉందో లేదోనని పెళ్ళయిన కాణ్ణించీ అనుమానమే అమ్మా. మిషనులో పడిందంటే ఉన్నట్టే," అంది లోవమ్మ.

రమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాటికి ఊరంతా తెలిసింది. ఆ వారమే సంఘం కూడింది. పిల్లలందరినీ నా పట్టీకే కలపాలని కుమారి అడిగింది. సౌదామినిగారు తెర పక్కన పెట్టారు.

"ఒక్క మనిషి మీద ఇంతమందా? నేను అనుకున్నది ఇది కాదు కుమారిగారూ."

"మీరు అనుకున్నది మాకు కుదర్లేదు కదండీ. ఊరు ఒప్పుకున్నదే చేత్తానన్నారు."

"అన్నాను."

"మరి ఒప్పుకోనివాళ్ళు లెగండి."

ఎవరూ లేవలేదు. నేనూ కూర్చునే ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అడిగితే ఏమనేవాణ్ణో ఇప్పుడు రాసినా అది నిజం కాదు.

కొన్నాళ్ళు బాగా జరిగింది. తేజ నాన్నతో పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి వచ్చాడు. ముట్టుకోనివ్వని పిల్ల ఒకతె జడ వేయించుకుంది. తల్లులు మధ్యాహ్నం పూట నడుం వాల్చడం నేర్చుకున్నారు. నేను దారిన వెళ్తుంటే లేచి నిలబడేవారు. నా పని నేను చేసుకున్నాను.

ఒకసారి పట్టీ చార్జింగు అయిపోయి కాసేపు ఆగింది. అంతసేపటికే తేజ తన చెయ్యి తను కొరుక్కున్నాడు. రక్తం కారి నిక్కరంతా తడిసింది. అప్పటి నుంచి కుమారి రెండు పూటలా వచ్చి చార్జింగు చూసి వెళ్ళేది.

తరవాత ఒక రోజు నేను నడుస్తుండగా కొబ్బరి గెల తెగి పక్కనే పడింది. ఉలిక్కిపడ్డాను. ఆ క్షణానే ఊళ్ళో పది ఇళ్ళలోంచీ ఏడుపు లేచింది. నేను కూర్చుని నీళ్ళు తాగాను. సర్దుకున్నాను. పిల్లలూ మెల్లగా ఊరుకున్నారు.

ఆ సాయంత్రం నన్ను పిలవకుండా సంఘం కూడింది.

తెల్లారేసరికి మా పెరటి మీదికి వంగిన చెట్ల గెలలన్నీ దించేశారు. బుల్లియ్య మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మోటారు ఆపి గెడ వేసేవాడు. నా కూరలో కారం మానేశారు. టీ మానేశారు. పక్కింట్లో మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకోవాలంటే ఏటి ఒడ్డుకి పోయేవారు. క్రికెట్టు చూసే కుర్రాళ్ళు టీవీని అవతలి పేటకి మోసుకెళ్ళారు. ఎవరు ఎదురుపడినా నవ్వేవారు. "బాగున్నావా బాబాయ్," అని, నేను నోరు తెరిచేలోపే వెళ్ళిపోయేవారు. నాకు కోపం రాకూడదని నాతో మాట్లాడటమే మానేశారు. నేను మాటలు తక్కువ మనిషినే. కానీ పక్కన నలుగురు మాట్లాడుకుంటుంటే వినడం వేరు. ఇప్పుడు నేను వెళ్తే నలుగురూ ఆపేసేవారు.

నాతోపాటు చిన్నప్పటి నుంచి పీచు దువ్విన పెదవీరన్న పోయాడు. నాకు తెలియదు. డప్పు లేకుండా, మా వీధి తప్పించి, గట్టు వెంబడి తీసుకెళ్ళారట. చాలా రోజులకి వాళ్ళ అరుగు ఖాళీగా కనపడితే నాకు అర్థమైంది. అర్థమవుతూ ఉండగానే హిమజ చేతులు వణికాయి. నేను గబగబా పీచు ఒడిలో కట్టుకుని వెనక్కి నడిచాను. అతని గురించి ఆలోచించాల్సింది తరవాత ఆలోచిద్దామనుకున్నాను. ఆ తరవాత రాలేదు.

లోవమ్మ ఒక్కతే నన్ను మునుపటిలా తిట్టేది. కాలికి బురదని తిట్టేది. తువ్వాలు ఎక్కడ పెట్టావని తిట్టేది. ఆ తిట్లకి నా గీత కదలదని ఊరికంతా తెలుసు.

ఒక రోజు ఆమె రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. తునిలో చెల్లెలికి కంటి ఆపరేషనుట, సాయం వెళ్తానంది.

"నీళ్ళు కాచి పెట్టాను, పోసుకో," అంది. మెత్తగా అంది.

ఇన్నేళ్ళలో ఆమె నాతో అలా మాట్లాడలేదు.

రోజులు గడిచాయి. రమణి రాట్నం తిప్పింది. రెండు రోజులకోసారి ఏరు దాటి వెళ్ళి వచ్చేది.

"మీ అమ్మ ఎప్పుడొత్తుంది?"

"వచ్చేత్తుంది నాన్నా. పిన్నికి ఇంకా కట్టు విప్పలేదు."

"ఫోను చెయ్యి."

"అక్కడ సిగ్నల్ ఉండదు నాన్నా."

తునిలో సిగ్నల్ ఉండదట. రమణి చీర నుంచి ఫినాయిలు వాసన వచ్చేది. నేను అడగాలని ఊపిరి పీల్చుకునేవాణ్ణి. మాట ఇంకా గొంతులోకి రాకముందే హిమజ నా వైపు తిరిగేది. కళ్ళు పెద్దవి చేసేది. చేతులు వణికేవి. నా లోపల ఏముందో నాకంటే ముందు దాని చేతులకి తెలిసేది. దాని వెనక తేజ ఉన్నాడు. వాడి వెనక మిగతా పిల్లలు. నేను నోరు మూసుకుని నడిచేవాణ్ణి. రోజంతా నడిచేవాణ్ణి. ఎవరూ కొనని తాడు చుట్టలు చుట్టలుగా పెరట్లో పడి ఉండేది.

పరిశోధన గడువు అయిపోవచ్చింది. ఇంకో ఏడాది పొడిగించాలని సంఘం పెట్టారు. ఈసారి నన్నూ పిలిచారు. పిల్లల్ని పక్క గదిలో ఆడుకోనిచ్చారు. సౌదామినిగారు ముఖం దించుకుని కూర్చున్నారు.

"ఒప్పుకోనివాళ్ళు లెగండి," అంది కుమారి.

నేను లేచి నిలబడ్డాను.

"ఏం మావయ్యా, మంచినీళ్ళా?"

కాదన్నట్టు తల తిప్పాను. ఎవరో కుర్చీ తెచ్చి వెనక వేశారు. ఎవరో ఫ్యాను నా వైపు తిప్పారు. నేను నిలబడే ఉన్నాను. ఏం చెప్పాలో వరసగా పెట్టుకుని వచ్చాను. మొదటి మాట దగ్గరే గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. పక్క గదిలో తేజ అరిచాడు. తరవాత హిమజ. తరవాత అందరూ. తల్లులు లేచి పరిగెత్తారు. బల్లలు పడిన చప్పుడు వినిపించింది.

"కూర్చో మావయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను," అంది కుమారి. నిజంగానే వంగింది.

కూర్చున్నాను. ఊపిరి వదిలాను. కొంతసేపటికి గదిలో ఏడుపులు ఒక్కొక్కటే తగ్గాయి. తల్లులు వచ్చి తమ చోట్లలో కూర్చున్నారు. కుమారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది.

ఈసారి సౌదామినిగారు లేచి నిలబడ్డారు.

"మీరు ఊరివాళ్ళు కాదు కదండీ," అంది కుమారి. మర్యాదగానే అంది.

ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. పొడిగింపు ఒప్పుకున్నట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మా పెరట్లోకి వచ్చారు. రమణి లేదు, ఏరు దాటి వెళ్ళింది. హిమజ పీచు కుప్ప మీద కూర్చుని ఉంది. ఆవిడ ఇటుక మీద కూర్చుని తెర నాకు చూపించారు.

"ఇది కొబ్బరి గెల పడిన రోజు. చూడండి, మీ గీత లేచింది, దిగింది. హిమజ గీతా లేచి దిగింది. ఆ మర్నాడు మీరు స్నానానికి పట్టీ తీస్తే కూడా పిల్ల కాసేపు తనంతట తను నిమ్మళంగా ఉంది. నేను అప్పుడు పట్టించుకోలేదు. తరవాత ఊరంతా మీకు కాపలా కాసింది. మీ గీత నేల మీద తాడులా పడి ఉంది. అప్పటి నుంచి ఈ పిల్లలు ఒక్కటీ నేర్చుకోలేదు."

నేను విన్నాను.

"కుదురుగా ఉండటం ఎవరూ ఎవరికీ ఇయ్యలేరు నూకరాజుగారూ. చెదిరి, మళ్ళీ కుదుటపడటం చూపించాలి. ఆ దారి ఒంటికి తెలియాలి. మీరు చెదరకపోతే వాళ్ళు ఎప్పటికీ మీ పట్టీ మీదే ఉంటారు. మీరున్నంత కాలం."

"అయితే ఏం చేద్దామంటారు?"

"తెలీదు. ఒక మనిషిని బాధ పెట్టమని నేను ఎవరికి చెప్పను?"

ఆవిడ తెర మూశారు. లేచారు. రెండడుగులు వేసి మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"లోవమ్మగారు తునిలో లేరు. కాకినాడలో ఆసుపత్రిలో ఉన్నారు. కడుపులో గడ్డ. రేపు పొద్దున్న ఆపరేషను. ఆవిడ ఒంట్లో బలం లేదు, ఏం జరిగేదీ చెప్పలేమంటున్నారు డాక్టర్లు. మీకు చెప్పొద్దని ఆవిడే మాట తీసుకున్నారు. సంఘంలో పెట్టారు. ఆ రోజు నేను కూర్చున్నాను. అందరితోపాటు కూర్చున్నాను."

హిమజ అరిచింది. తల మీద చేతులతో బాదుకుంది. ఊళ్ళోంచి ఏడుపులు వినిపిస్తున్నాయి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి.

"విప్పెయ్యండి. నేను పూచీ," అన్నారు సౌదామినిగారు.

పట్టీ మీద చెయ్యి వేశాను. తేజ కొరుక్కున్న చెయ్యి గుర్తొచ్చింది. విప్పలేదు. పిల్లని ఎత్తుకుని రేవుకి నడిచాను. ముందుకి, గబగబా. ఆవిడ నా వెనకే వచ్చారు.

రేవులో బుల్లియ్య పడవ కడుగుతున్నాడు. నా ముఖం చూసి చెంబు కింద పెట్టాడు.

"ఏరు పోటు మీదుంది బాబాయ్. రేపెల్దాం."

ఏరు అద్దంలా ఉంది. నేను దానికేసి చూసి అతని కేసి చూశాను.

"మోటారు కూడా సరిగ్గా లేదు," అన్నాడు.

నేను పడవెక్కి కూర్చున్నాను. సౌదామినిగారూ ఎక్కారు. హిమజ నా భుజం కొరుకుతోంది. కుమారి గట్టు దిగి పరిగెత్తుకొచ్చింది. తేజని వాటేసుకుని ఈడ్చుకొస్తోంది. వాడు తల వెనక్కి వేసి అరుస్తున్నాడు. పదేళ్ళవాడు, ఆమెకి ఆగడం లేదు.

"మావయ్యా, కొంచెం ఆగు. కొంచెం సర్దుకున్నాక ఎల్దువుగాని."

"మీ అత్త పోతే ఎప్పుడు చెప్పేవోరు?"

కుమారి జారిపోతున్న తేజని పైకి లాక్కుంది.

"ఈరన్నది చెప్పలేదు. అలాగే ఇదీనూ."

"ఈణ్ణి చూడు మావయ్యా. నేనేం చెయ్యను? నువ్వే చెప్పు, నీకైతే ఏం చేత్తావ్?"

ఆమె అడిగింది నిజమే. నా మనవరాలు నా ఒళ్ళో ఉంది గాబట్టి నేను వెళ్ళగలుగుతున్నాను. లేకపోతే నేనూ ఆమెలాగే గట్టు మీద నిలబడేవాణ్ణి.

"ఆణ్ణి వదలకు. గట్టిగా పట్టుకో," అన్నాను.

బుల్లియ్య తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. కొడుకుని చూశాడు. "మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు గెడేసింది నువ్వే కదా బాబాయ్," అని, ఇంకెవరి వైపూ చూడకుండా మోటారు తాడు లాగాడు.

కాకినాడ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆడవాళ్ళ వార్డు పొడుగ్గా ఉంది. తోపుడు బండ్ల చక్రాల రొద, గిన్నెల చప్పుడు, మైకులో పేర్లు పిలుస్తున్నారు. మంచం పక్కన రమణి మమ్మల్ని చూసి లేచి గోడకి ఆనుకుంది. లోవమ్మ సగమైంది. నన్ను చూడగానే మోచెయ్యి ఊని లేవబోయింది.

"ఎందుకొచ్చావ్? పిల్లని ఈ రొదలోకి తెచ్చావా? బుద్ధుందా నీకు?"

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేత్తావ్? ఎనక్కి నడుత్తావ్."

నేను అరిచాను. ఏమన్నానో రాయను. లోవమ్మని నేను ఎన్నడూ అనని మాటలు అన్నాను. పెదవీరన్నని అన్నాను, గోదావరిని అన్నాను, కాకరలంకని పేరు పేరునా అన్నాను. వార్డంతా ఇటు తిరిగింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. హిమజ నా చేతుల్లోంచి జారి నేల మీద పడి తల మంచం కాలికి కొట్టుకుంది.

"నాన్నా, విప్పు. నీకు దణ్ణం పెడతాను, విప్పు." రమణి నా చొక్కాలో చెయ్యి పెట్టింది. నేను తోసేశాను. నా నోట్లోంచి ఏడుపు వచ్చింది. అది ఎలా ఆపాలో నాకు తెలియలేదు. ఎప్పుడూ ఏడ్చి ఎరగను కాబట్టి, అది ఎంతసేపు ఉంటుందో కూడా తెలియలేదు.

లోవమ్మ తిట్టడం ఆపింది. నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో," అంది. తరవాత, "పోనీలే, ఏడు," అంది.

నేను ఏడుస్తూనే ఉన్నాను. కొంతసేపటికి ఏదో తేడాగా అనిపించింది. కింద అరుపు లేదు.

వంగి చూశాను. హిమజ మంచం కిందికి పాకింది. లోవమ్మ చీర కుచ్చెళ్ళు కిందికి వేలాడుతున్నాయి. పిల్ల మోకాళ్ళు ముడుచుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ, గొంతులో ఏదో సన్నగా కూనిరాగంలా తీస్తోంది. నుదుటి మీద బొప్పి కట్టింది. నా గుండె ఇంకా దడదడ కొట్టుకుంటోంది. నా చేతులు వణుకుతున్నాయి. దాని చేతులు వణకడం లేదు.

సౌదామినిగారు తెర నా ముందు పెట్టారు. నా గీత పైన ఎగురుతోంది. పిల్ల గీత దాన్ని విడిచిపెట్టి మెల్లగా కిందికి దిగుతోంది.

"ఏంటమ్మా అది? ఏమైంది?" అంది లోవమ్మ.

"పిల్ల ఆయన్ని వదిలేసి తన దారిన తను వెళ్తోంది," అన్నారు ఆవిడ. అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

లోవమ్మ పక్కకి వాలి మంచం కిందికి చూడబోయింది. నడుం వంగలేదు. "నాకు కనపడట్లేదు. ఎలా ఉందో చెప్పు," అంది నన్ను.

"ఊగుతోంది," అన్నాను.

"ఇంకా?"

"పాడుతోంది."

"అది పాడటమేంటి," అంది లోవమ్మ. కానీ వింది. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

చీకటి పడే వేళకి లంక నుంచి ఫోను వచ్చింది. కొందరు పిల్లలు తల్లుల ఒళ్ళో అలసి ఊరుకున్నారు. ఇద్దరు తమంతట తాము ఊరుకున్నారు. తేజ ఊరుకోలేదు. మళ్ళీ చెయ్యి కొరుక్కున్నాడు, ఈసారి ఎముక దాకా. అవతలి ఒడ్డున డాక్టరు కుట్లు వేశాడు. కుమారి అంతవరకు చెప్పి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అత్తకి ఎలా ఉందని అడిగింది.

తేజ చెయ్యి సంగతి విన్నాక, పట్టీ ఒక్కసారిగా విప్పకూడదని సౌదామినిగారు అన్నారు. హిమజది మాత్రం ఆవిడే చెవి వెనక నుంచి బిళ్ళ ఊడదీశారు. తేజదీ మిగతావాళ్ళదీ ఉంచాలి. ఎన్నాళ్ళని నేను అడగలేదు. ఆవిడకీ తెలియదు.

మర్నాడు పొద్దున్న లోవమ్మని తీసుకెళ్ళడానికి బండి వచ్చింది. ఆకుపచ్చ బట్టలు తొడిగారు. పుస్తెలు తీసి రమణి చేతిలో పెట్టింది. నేను రమణి ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళి కుమారికి చేశాను.

"అమ్మాయ్, మీ అత్తని లోపలికి తీసుకెళ్తున్నారు."

"ఆయ్, మావయ్యా."

"నాకు భయంగా ఉంది."

అటు గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఇంకా ఎక్కువవుద్ది. తేజని ఒళ్ళోకి తీసుకో. మిగతావాళ్ళకీ చెప్పు, పనులు ఆపి పిల్లల్ని పట్టుకోమని."

"ఎంతసేపు మావయ్యా?"

"తెలీదు."

ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. "అలాగే. తీసుకున్నాను," అంది.

ఫోను జేబులో పెట్టుకున్నాను. బండి కమ్మీ పట్టుకుని తలుపు దాకా నడిచాను. అక్కడ నా చెయ్యి తియ్యమన్నారు. తలుపు మూశాక బయట బల్ల మీద కూర్చుని భయపడ్డాను.